గొడుగు ఊచల రైలుదారి

అనగా అనగా, రైళ్ళు ఆగి నీళ్ళు పట్టుకునే ఒక ఊళ్ళో, ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. దుప్పటి కప్పుకో, చెబుతున్నాగా. పెద్దవాడు భద్రయ్య, చిన్నవాడు చలమయ్య. వాళ్ళ నాన్న రైలింజను డ్రైవరు. ఒకసారి డ్యూటీ దిగి వస్తూ వస్తూ, పిల్లల కోసం ఒక బుల్లి ఇంజను కొనుక్కొచ్చాడు. ఇనపదే. తాళం తిప్పితే నడుస్తుంది. దాని వెనక మూడు పెట్టెలు.

పిల్లలకి మీసాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి. ఆ రైలు పిచ్చి మాత్రం పోలేదు. వసారాలో పెద్ద బల్ల వేసి, పాత గొడుగుల ఊచలు పీకి పట్టాలు చేసి, బల్ల చుట్టూ రైలుదారి వేసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఊళ్ళో ఎవరి గొడుగు విరిగినా వీళ్ళింటికే వచ్చేది. "తాటిచెట్లలాగా ఎదిగారు, ఇంకా బొమ్మలాటేమిట్రా" అని జనం నవ్వేవాళ్ళు. నవ్విన నాపచేనే పండుతుందని వీళ్ళు పట్టించుకునేవాళ్ళు కాదు.

ఏటా ఉగాదికి వాళ్ళదొక ముచ్చట. పచ్చడికి కొత్త చింతపండు నానేస్తామా, దాంట్లో గింజలు వస్తాయా, వాటిలో మూడు ఏరి కడిగి బల్ల దగ్గరికి తెచ్చుకునేవాళ్ళు. ఈ ఏడాది ఎక్కడ పని చెయ్యాలో అక్కడ ఒక్కో గింజ పెట్టేవాళ్ళు. పనయ్యాక గింజ తీసి పెరట్లోకి విసిరేసేవాళ్ళు. మళ్ళీ ఉగాదికి బల్ల మీద గింజ మిగలకూడదు. అదీ వాళ్ళ పంచాంగం.

అలా ఏళ్ళు గడిచాయి. పట్టాలు ముప్పాతిక వంతు పడ్డాయి. బండి అద్దంముక్కలతో చేసిన కాలవ దాకా పోయి ఆగిపోయేది, దాన్ని చేత్తో ఎత్తి వెనక్కి తెచ్చుకోవాలి. ఇక మిగిలినవి మూడే పనులు. కాలవ మీద వంతెన, కొండలో సొరంగం, చివర్న స్టేషను. ఆ మూడూ అయితే బండి ఎవరూ చెయ్యి పెట్టకుండా ఒక చుట్టు తిరిగొస్తుంది. ఆ చుట్టు చూడకుండానే వాళ్ళ నాన్న పోయాడు. అందుకని భద్రయ్యకి అదొక్కటే కోరిక. బండి ఒక్కసారి నిండుగా చుట్టు తిరగాలి.

అప్పుడు ఉగాది వచ్చింది. మూడు గింజలూ తెచ్చారు. చలమయ్య ముందుగా కాలవ దగ్గర ఒక గింజ పెట్టి, "మొదట వంతెన కడదాం అన్నయ్యా" అన్నాడు. భద్రయ్య ఆ గింజ తీసి స్టేషను చోట పెట్టాడు. "మొదట స్టేషను. ఆగడానికి చోటు లేకుండా బండి ఎక్కడికి పోతుందిరా?" అన్నాడు.

"పోవడానికి దారి లేకుండా ఎక్కడ ఆగుతుంది?" అన్నాడు చలమయ్య.

చూశావా, ఎంత చిన్న మాటో. చింతగింజంత మాట. అక్కడ ఆపితే ఏ గొడవా లేదు. ఆపలేదు. "నేను పెట్టిన గింజ నువ్వెందుకు తీశావు?" అన్నాడు తమ్ముడు. "పెద్దవాణ్ణి, తీస్తాను" అన్నాడు అన్న. "పెద్దవాడివనే కదా నాన్న ఉద్యోగం నీకిస్తే నోరెత్తలేదు. నేను గడియారాలు బాగుచేసుకుంటూ బతకట్లా?" అన్నాడు తమ్ముడు. ఆ మాట ఎన్నాళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్నాడో ఏమో. భద్రయ్యకి అది సూటిగా వెళ్ళి గుండెలో దిగింది. "అంత కష్టంగా ఉంటే వేరు పడు" అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా.

ఆ తర్వాత వాళ్ళ మేనమామ కోటయ్య వచ్చి పంపకానికి కూర్చున్నాడు. ఇల్లు నిలువునా రెండు చేశారు. గంగాళాలు, మంచాలు, అటక మీది సామాను, అన్నీ అయ్యాయి. చివరికి రైలు మిగిలింది.

"పద్ధతి మీకు తెలిసిందేరా అబ్బాయిలూ. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ఎంచుకోవాలి" అన్నాడు కోటయ్య.

ఇదిగో, ఇక్కడ విను. పంచేవాడు అన్యాయం చెయ్యకుండా పెద్దలు పెట్టిన మంచి పద్ధతే అది. కానీ భద్రయ్య దాంతో ఒక ఎత్తు వేశాడు. బల్లా, పట్టాలూ, కొండా ఒక వాటా అన్నాడు. ఇంజనూ, మూడు పెట్టెలూ ఇంకో వాటా అన్నాడు. తమ్ముడి మనసు కరగాలని అలా పంచాడు. దారి ఒకచోటా బండి ఒకచోటా చూసి, వాడే 'ఇదేం పంపకం అన్నయ్యా, దీన్ని కలిపే ఉంచుదాం' అంటాడనుకున్నాడు. అంటే చాలు, పంపకం మొత్తం ఎత్తేసి తమ్ముణ్ణి కావిలించుకోవాలని చేతులు సిద్ధంగా పెట్టుకున్నాడు.

చలమయ్య బల్ల వైపు చూశాడు. ఇంజను వైపు చూశాడు. అన్న మొహం వైపు చాలాసేపు చూశాడు. ఆ మొహంలో ఏమీ కనపడకుండా భద్రయ్య బిగబట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చలమయ్య భుజం మీది తువ్వాలు తీసి, ఇంజనూ పెట్టెలూ అందులో మూటగట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి మధ్యన గోడ లేచింది.

భద్రయ్య భార్య రత్తమ్మ మంచిది, కానీ ఉన్నమాట మొహానే అనేది. "నోరు తెరిచి అడిగితే ముత్యాలు రాలతాయా?" అంది. మర్నాడు భద్రయ్య బల్ల ముందు కూర్చున్నాడు. మూడు గింజలూ అక్కడే ఉన్నాయి. స్టేషను చోటనున్న గింజ తీసి కాలవ దగ్గర పెట్టాడు. తమ్ముడు చెప్పిన వరసలోనే మూడు పనులూ చేద్దామనుకున్నాడు. దారి పూర్తయిందంటే వాడే బండి పట్టుకుని పరిగెత్తుకొస్తాడని ఆయన ఆశ.

తొలకరి పడేనాటికి వంతెన కట్టాడు. గొడుగు ఊచలే అడ్డంగా నిలువుగా కట్టి, కాలవ మీద నిలబెట్టాడు. అప్పుడు గోడ పక్కకెళ్ళి, రత్తమ్మతో అన్నట్టుగా, "వంతెన అయిపోయిందే" అని కేక వేశాడు. అవతల రేడియో పాడుతోంది. దాని గొంతు ఇంకాస్త పెంచారు, అంతే.

ఆ తర్వాత దసరాకి సొరంగం చేశాడు. కాగితాలూ మెంతులూ నానబెట్టి రుబ్బి, ఆ గుజ్జుతో కొండని మళ్ళీ మెత్తి, మధ్యన దారి తొలిచాడు. రత్తమ్మ చేత గిన్నెడు బూరెలు పంపించి, "సొరంగం అయిందని చెప్పు" అన్నాడు. రత్తమ్మ వెళ్ళి చెప్పింది. సాయంత్రానికి గిన్నె తిరిగొచ్చింది. ఒట్టి గిన్నె ఇవ్వకూడదని అందులో గుప్పెడు పంచదార వేశారు. మాట మాత్రం ఏమీ వెయ్యలేదు. ఆ రోజుల్లోనే గోడ అవతల నుంచి ఆకురాయితో ఇనుము రాస్తున్న చప్పుడు వినపడేది. గడియారాల పని కాబోలనుకున్నాడు భద్రయ్య.

ఆ తర్వాత శివరాత్రి వెళ్ళేసరికి స్టేషను కూడా లేచింది. అగరొత్తుల డబ్బాలతో గదులు, చీపురుపుల్లలతో కంచె, ప్లాట్‌ఫారం మీద మట్టితో చేసిన మనిషి ఒకడు. ఆ మనిషికి డ్రైవరు టోపీ పెట్టాడు. ఈసారి కేకా వెయ్యలేదు, కబురూ పంపలేదు. ఉగాది దాకా ఆగాడు. ఉగాదినాడు పొద్దున్నే తలంటుకుని, పచ్చడి గిన్నె చేత్తో పట్టుకుని, తనే తమ్ముడి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఒరే చలమయ్యా, దారంతా అయిందిరా. బండి తీసుకురా" అన్నాడు.

చలమయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడాది పట్టిందా అన్నయ్యా ఈ మాటకి? పంపకం రోజునే 'కలిపి ఉంచుదాంరా' అంటావేమోనని నీ మొహం వంకే చూశానే" అన్నాడు.

"నువ్వంటావని నేను చూశానురా" అన్నాడు భద్రయ్య.

చూశావా కన్నా, ఇద్దరి నోళ్ళలోనూ ఒకటే మాట. ఎవరి నోట్లోది వాళ్ళు మింగేశారు. నాకు ఇద్దరి మీదా కోపమే.

అప్పుడు చలమయ్య లోపలికెళ్ళి తువ్వాలు మూట తెచ్చాడు. తెచ్చి అన్న వెంట ఇవతలి వసారాకి వచ్చాడే గానీ, అడుగు బరువుగా పడుతోంది. ఏదో చెప్పబోయి ఆగాడు. భద్రయ్యకి అవేమీ పట్టలేదు. పచ్చడి గిన్నె బల్ల మీదొక మూల పెట్టి, ఇంజను అందుకుని, పిల్లాడిలాగా తాళం తిప్పి, పట్టాల మీద పెట్టాడు.

చక్రాలు పట్టాల మీద నిలబడలేదు. రెండు పట్టాల మధ్యనున్న సందులోకి దిగబడిపోయాయి. మళ్ళీ ఎత్తి పెట్టాడు, మళ్ళీ దిగబడ్డాయి. మూడోసారి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ మధ్యన దూరం తగ్గిపోయి ఉంది.

"నా వాటాకి బల్ల రాలేదుగా" అన్నాడు చలమయ్య నేల చూపులు చూస్తూ. "కిటికీ గూట్లో చిన్న చుట్టు వేసుకున్నాను. అక్కడ ఇంత వెడల్పు దారి పట్టలేదు. పట్టాలు దగ్గరగా వేసి, ఇరుసులు కోసి పొట్టి చేశాను. నువ్వు ఎప్పటికీ పిలవవనుకున్నాను అన్నయ్యా."

"పోనీలే, కొత్త ఇరుసులు వేసెయ్. నీకెంతసేపు?" అన్నాడు భద్రయ్య.

"వేస్తే నేను వేసుకున్న దారంతా దండగేగా. దానికీ ఏడాది పట్టింది. నువ్వే పట్టాలు కాస్త దగ్గరికి జరపరాదూ?"

"జరపాలంటే వంతెన పీకాలి, సొరంగం పగలగొట్టాలి. నువ్వు చెప్పిన వరసలోనే కదరా కట్టాను! అయినా, ఇరుసు కోసింది నువ్వు."

"పంచింది నువ్వు" అన్నాడు చలమయ్య.

కోసింది నువ్వు, పంచింది నువ్వు. రెండూ నిజమే, అదే వాళ్ళ ఖర్మ. గడియారాలు బాగుచేసే చేతులకి ఆ ఇరుసులు మార్చడం ఎంత పని? ఏడాదంతా కూర్చుని కట్టినవాడికి పట్టాలు జరపడం ఎంత పని? నాలుగు రోజుల పని. ఆ నాలుగు రోజులు ఎవరివో తేలలేదు. చలమయ్య ఇంజనుని మళ్ళీ తువ్వాల్లో కట్టుకున్నాడు. తిప్పిన తాళం ఇంకా విప్పుకుంటోంది, మూటలోపల చక్రాలు గిర్రున తిరుగుతున్న చప్పుడు గుమ్మం దాటేదాకా వినపడింది.

ప్లాట్‌ఫారం మీది మట్టిమనిషి కాలవ వైపు చూస్తూ ఉన్నాడు. రత్తమ్మ వచ్చి పచ్చడి గిన్నె తీసింది. ఇద్దరిలో ఎవరూ నోట్లో వేసుకోలేదు. "ఏడాదికొక్కనాడు చేదు తినమంటే తినలేదు, ఇక ఏడాది పొడుగునా తింటారు" అంది.

ఆ తర్వాత ఏటా ఉగాదికి ఆ ఇంట్లో గోడకి ఇటూ అటూ చింతపండు నానేస్తూనే ఉన్నారు, పచ్చడి చేస్తూనే ఉన్నారు. గింజలు మాత్రం ఎవరూ ఏరలేదు. తొక్కుతో పాటు పెరట్లో పారేశారు. నిద్ర వస్తోందా? సరే, ఇక కళ్ళు మూసుకో.

దారి ఉన్న చోట బండి లేదు,
బండి ఉన్న చోట దారి లేదు,
రెండూ కలిసిన చోట కొలత లేదు,
కొలత కుదిరేలోగా మాట లేదు.
రైలు దొరకని కథేమో కంచికి కాలినడకన,
కునుకు పట్టిన మనమేమో మన ఇంట్లో, మన పడకన.