పలుకుతున్న పీక

నాదస్వర విద్వాంసులు బాజీ సాహెబు గారికి ఒక అలవాటు ఉండేది. ఆరు నెలలకోసారి, ఎన్ని పెళ్ళి మేళాలు అడ్డొచ్చినా సరే, నరసరావుపేట వెళ్ళి పళ్ళ డాక్టరమ్మ ముందు నోరు తెరిచి కూర్చునేవారు. డెబ్భై ఏళ్ళు వచ్చినా ఆయనకు ఒక్క పన్నూ కదల్లేదు. కాబట్టి శిష్యుడు తిరపతయ్యకి ఇదంతా ఉత్త చాదస్తంగా కనిపించేది.

తిరపతయ్యది గట్టి ఊపిరి, అంతకంటే గట్టి ధీమా. ముప్పై అయిదేళ్ళ దాకా ఏ డాక్టరు మొహమూ చూడలేదని చెప్పుకోవడం అతనికి అదో గొప్ప. పదిహేనేళ్ళు గురువుగారి పక్కన కూర్చుని ఊదాక, ఆ ఏడు సీతారామ కల్యాణంలో మేళానికి ముందుండి ఊదేది తనేనని గురువుగారి దగ్గర మాట తీసుకున్నాడు. ఇంకా పది రోజులుంది.

"రేపు నువ్వూ పేటకు రా. పళ్ళు చూపించుకుందువు" అన్నారు గురువుగారు.

"నాకేం నొప్పి లేదు గదండీ! నొప్పి లేని పన్ను చూపించడం దేనికండీ, గురువుగారూ?"

ఆయన సాధన మొదలుపెట్టమన్నారు.

తిరపతయ్య నాదస్వరం తీశాడు. వాద్యానికి దారంతో కట్టి వేలాడదీసిన పీకల గుత్తిని విప్పి, నోట పెట్టుకుని ఊదడానికి రెల్లుతో చేసిన ఆ చిన్న పీకలను ఒక్కొక్కటే తడిపి, వెలుగుకెత్తి చూడసాగాడు. నాదస్వరం పట్టినవాడెవడూ మానని పని అది.

"ఇయన్నీ నిన్న పలికినయ్యేగా?" అన్నారు గురువుగారు.

"పలికినయ్యండీ."

"ఇంక చూసేదేముంది? ఊదెయ్."

తిరపతయ్యకి ఒళ్ళు మండింది. నేర్పినాయన అనాల్సిన మాటేనా ఇది!

"అదేందండీ అట్టంటారు? పలికేదాన్నేగా చూడాల్సింది! పలకనిదాని సంగతి చూడకపోయినా తెలుస్తది. సన్నంగా చీలిక పడ్డా ఇయ్యాళ బాగానే పలుకుద్ది. సరిగ్గా తాళి కట్టే వేళకి..."

అక్కడ ఆగిపోయాడు. గురువుగారు తల వంచుకుని తన వాద్యం తుడుచుకుంటున్నారు. మర్నాడు ఇద్దరూ పేట బస్సెక్కారు.

డాక్టరమ్మ గురువుగారిని అయిదు నిమిషాల్లో కుర్చీలోంచి లేపేసింది. తిరపతయ్య దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయింది. పై వరసలో ముందు పన్నుకి వెనకవైపు పుచ్చు మొదలైంది. అద్దంలో చూపించేసరికి అతను పై పెదవి తడుముకున్నాడు. పీకను పట్టేది పెదవే అయినా, పెదవికి దన్ను ఆ పళ్ళే. అవి పోతే కల్యాణం మాట అటుంచి, వాద్యమే పోతుంది.

"భయపడకండి. ఇప్పుడే వచ్చారు గనక పూడిస్తే సరిపోతుంది. నొప్పి పుట్టేదాకా ఆగుంటే పన్ను దక్కేదని చెప్పలేను" అని, ఆ పూటే పని ముగించింది.

కల్యాణం రోజు తాళి కట్టే వేళకి తిరపతయ్య వాద్యం పందిరంతా నిండింది. మేళం ముగియగానే అతను గురువుగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"రోజూ పీకల్ని చూసుకునేవాణ్ణి, పళ్ళ సంగతి ఎట్టా మరిచానో తెలవట్లేదండీ."

గురువుగారు అతని నాదస్వరానికి వేలాడుతున్న గుత్తిని వేలితో కదిపారు.

"ఒకటి పోతే మార్చుకోడానికి ఇక్కడ ఎనిమిది కట్టుకున్నావు. అయినా రోజూ చూస్తావు. పళ్ళ గుత్తి ఎక్కడ కట్టుకున్నావు, నాయనా?"