పెంచలమ్మ పేరు పెట్టిన పాప

మీ తాతల తాతకు ఇంకా తాత పుట్టని కాలం. కొండ కింద ఒక పల్లె. ఆ పల్లెలో పెంచలమ్మ అనే మంత్రసాని. ఊళ్లో ఆమె చేతిమీదుగా పుట్టని బిడ్డ లేడు, ఆమెకు మాత్రం బిడ్డల్లేరు.

ఆ కొండ చెట్లమీద ఓ చిన్న ప్రాణి ఉండేది. గుప్పెడంత ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, మొహమంతా కళ్లే. దాన్ని ఆడవాళ్లు దెయ్యప్పిల్లి అనేవాళ్లు. మగవాళ్లు శనిపిల్లి అనేవాళ్లు. పిల్లకాయలు గుడ్లపిల్లి అనేవాళ్లు. నోరారా పిలిచినవాళ్లు ఒక్కరుంటే ఒట్టు. కనబడితే రాయి, కనబడితే కర్ర, కనబడితే నిప్పు.

ఓ ఏడాది వానల్లేవు. "ఈ దెయ్యప్పిల్లే వానను కట్టేసింది" అన్నాడు పెద్దకాపు నరసింగప్ప. ఒకదాన్ని పట్టి గంప కింద మూశారు. పొద్దు వాలేలోగా కొట్టి చంపాలని అనుకున్నారు.

పెంచలమ్మ పోయి గంప ఎత్తి చూసింది. అది ఆమె వేలు పట్టుకుంది, అచ్చం పురిటిబిడ్డ పట్టుకున్నట్టే. ఇంకేముంది, ఆమె గుండె నీరైపోయింది.

ఆ పల్లెకో కట్టుబాటుంది. మంత్రసాని చేటలో పడుకోబెట్టి మూడుసార్లు పేరు పిలిస్తే, ఆ బిడ్డ ఊరి బిడ్డ. దానిమీద చెయ్యి చేసుకున్నవాడికి ఊళ్లో ఎవరూ మంచినీళ్లైనా పొయ్యరు.

పెంచలమ్మ పరుగున పోయి చేట తెచ్చింది. పాతచీర పరిచి దాన్ని పడుకోబెట్టింది. "అడవిపాపా, అడవిపాపా, అడవిపాపా" అని పిలిచింది.

"ఏందవ్వా ఇది? జంతువుకు పేరు పెట్టడమేంది?" అని నరసింగప్ప కర్రతో వచ్చాడు.

"నిన్నూ ఈ చేటలోనే ఏసినా నరసింగా. ఆ రోజు నువ్వూ ఇట్టానే ఉన్నావు, కళ్లు తప్ప ఏం లేవు."

ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. నరసింగప్పకూ నవ్వాగలేదు. కర్ర పక్కన పెట్టాడు.

"సరేలే అవ్వా. మరి వాన రాకుంటే?"

"రాకుంటే తిట్టుకునేదానికి నేను లేనా?"

వాన వచ్చిందా అంటారా? ఆ రోజు రాలేదు. నెలకు వచ్చింది, ఎప్పుడూ వచ్చేట్టే. ఈలోగా అవ్వ కడుపునిండా తిట్లు తిన్నది, పాపను మాత్రం కొండకు క్షేమంగా చేర్చింది.

పెంచలమ్మ పండుముసలై కన్నుమూసింది. ఆ పల్లెలో ఈనాటికీ కొత్తబిడ్డను చేటలో వేస్తే, ముందు కొండవైపు తిరిగి పెంచలమ్మ పెద్దబిడ్డకు కబురు చెబుతారు:

"అడవిపాపా, మీ అమ్మ ఇంట మళ్లీ బిడ్డ పుట్టిందే."