తూము తలుపుకి రాజు చెయ్యి

అనగనగా ఒక రాజుండేవాడు. ఏం చేసేవాడని అడక్కండి, ఉండేవాడు, అంతే. రాజన్నాక ఉంటే చాలని ఆ దేశంలో అందరూ అనుకునేవారు. ఆ దేశం పేరు పాలేటి సీమ. ఊఁ కొట్టండి మరి, నేనొక్కదాన్నే వాగుతూ కూర్చుంటే ఏం బాగుంటుంది?

ఆ సీమకంతటికీ ఒక్కటే చెరువు. చెరువుకి ఒక్కటే తూము. తూము తలుపు ఎత్తితే పొలాలకి నీళ్ళు, దించితే లేవు. ఆ పని చూడ్డానికి నీరుగంటి అని ఒకడుండేవాడు. అతని పేరు ఓబన్న. అయితే ఏటా నాట్లకి ముందు మొదటిసారి తలుపెత్తేటప్పుడు మాత్రం గొలుసు మీద రాజు చెయ్యి పడాల్సిందే. పడకపోతే దేశానికి అరిష్టమట. ఎవరు చెప్పారయ్యా అంటే, పెద్దలు. ఆ పెద్దలకి ఎవరు చెప్పారంటే, వాళ్ళ పెద్దలు. అసలు జరిగిందేమిటో నేను చెప్తాను వినండి. ఎప్పుడో ముత్తాతల నాడు నీరుగంటికి చలిజ్వరమొస్తే, ఆ దారిన పోతున్న రాజు అయ్యోపాపమని గొలుసు మీద ఒక చెయ్యి వేశాడు. ఆయన ఏదో మంచికిపోయి సాయం చేస్తే, వీళ్ళు దాన్ని శాస్త్రం చేసుకుని కూర్చున్నారు.

అలా ఉండగా, మొదట చెప్పానే, ఆ రాజు పోయాడు. ఆయనకి ఒక్కడే కొడుకు, జయకేతుడు. దినాలయ్యాక అతనికి కిరీటం పెట్టి, అతని చేత తలుపెత్తిద్దామనుకున్నారు. సరిగ్గా అప్పుడే పెద్ద సుడిగాలి వచ్చి రాకుమారుణ్ణి ఎత్తుకుపోయింది. అది గాలి కాదు, ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు. మర్నాడు కాకి చేత కబురంపాడు.

"మీ దేశం ప్రాణమంతా రాజు చేతిలో ఉందటగా. ఆ చెయ్యి ఇప్పుడు నా దగ్గరుంది. నన్ను రాజుని చేయండి, నేనే వచ్చి తలుపెత్తుతాను."

నారుమళ్ళలో నారు అప్పటికే జానెడు పెరిగింది. పదిహేను రోజుల్లో నాటకపోతే ముదిరిపోతుంది. ముదిరిన నారు పశువులు మెయ్యడానికి తప్ప దేనికీ పనికిరాదు, ఆ ఏడు ఇంటిల్లిపాదీ పస్తే. చెరువునిండా నీళ్ళున్నాయి. గట్టునిండా మనుషులున్నారు. మనిషికి రెండేసి చేతులున్నాయి. ఆ చేతులు నెత్తిన పెట్టుకుని దేశమంతా కూర్చుంది. చూశారా వరస?

ఓబన్నకి సుంకులు అని ఒక కూతురుంది. మంచి పనిమంతురాలు, కాకపోతే కాస్త నోరెక్కువ. ఆమె మంత్రి దగ్గరికి పోయింది.

"అయ్యా, నారు పోతోంది. మా నాన్నని తలుపెత్తమంటారా?"

"ఎత్తచ్చమ్మా, దానికేం? రాజు చెయ్యేదీ?" అన్నాడు మంత్రి.

పురోహితుడి దగ్గరికి పోయింది. "ఎత్తచ్చు తల్లీ, ముహూర్తం కూడా బాగుంది. రాజు చెయ్యేదీ?" అన్నాడాయన.

సేనాపతి దగ్గరికి పోయింది. "ఎవడైనా గొలుసు ముట్టుకుంటే నరుకుతాను. రాజు చెయ్యేదీ?" అన్నాడు సేనాపతి.

పైగా ఆ మాంత్రికుణ్ణే రాజుని చేస్తే పోలా అని సభలో ఆలోచన చేస్తున్నారట. "దుర్మార్గుడే, కాదనను. కానీ రాజంటూ అయితే వాడిదీ రాజు చెయ్యే కదా" అన్నాడట మంత్రి. ఇది విని సుంకులుకి ఒళ్ళు మండిపోయింది.

"మీకు చెయ్యే కదా కావాలి, తెచ్చి మీ మొహాన పడేస్తాను" అని సద్దిమూట కట్టుకుని బయల్దేరింది.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు వలలో చిక్కి గిలగిల్లాడుతోంది. సుంకులు కొడవలితో వల కోసింది. తాబేలు సంతోషించి, "నా వీపెక్కు, ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోతాను. ఎందుకమ్మా ప్రయాణం?" అని అడిగింది.

"మా ఊళ్ళో తూము తలుపెత్తడానికి ఒక చెయ్యి తేవాలి."

"మీ ఊళ్ళో ఎవరికీ చేతుల్లేవా?"

"ఉన్నాయి."

"మరి?"

"నన్నడక్కు. ఈదు."

ఉప్పు సముద్రంలో అడిగింది తాబేలు, "మరి?" అని. చెరకురసం సముద్రంలో అడిగింది. నేతి సముద్రంలో, పెరుగు సముద్రంలో, పాల సముద్రంలో కూడా అడిగింది. దానికి మాత్రం ఎలా అర్థమవుతుంది, తాబేలైనా బుద్ధున్న జీవం. ఆరు రోజులు ఈది, ఏడు సముద్రాలూ దాటి, కరాళుడి ద్వీపానికి చేరారు.

కరాళుడు పగలంతా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఇంటి వెనక గదిలో రాకుమారుడు కాలికి గొలుసుతో కూర్చుని ఉన్నాడు. అతని పక్కనే బంగారు పంజరంలో ఒక చిలక ఉంది. ఆ చిలకలోనే కరాళుడి ప్రాణముంది. సుంకులు దాని మెడ పట్టుకోబోయింది.

"ఆగు తల్లీ, నేనేం చేశాను?" అంది చిలక. "వాడు తన ప్రాణం నాలో పెట్టాడు, సరే. నన్నడిగాడా? నాకు తుమ్మొస్తే ముగ్గురు వైద్యులొస్తారు. జామపండు తింటే పడిశం పడుతుందని పెట్టరు. రెక్క విప్పితే విరుగుతుందంటారు. పుట్టి ముప్పై ఏళ్ళయింది, ఒక్క చెట్టెక్కి ఎరగను."

"ఇదీ నేనూ రోజూ ఇవే మాటలు చెప్పుకుంటాం. మాదొక్కటే బతుకు" అన్నాడు జయకేతుడు.

"మాటలు తర్వాత. మీరు లేవండి, నారు పోతోంది" అంది సుంకులు.

"నేను రాను" అన్నాడతను. "మా నాన్నకి పక్షవాతం వచ్చిన ఏడు నువ్వు చూడలేదా? మంచంతో సహా చెరువుగట్టుకి మోసుకెళ్ళారు. పడిపోయిన చేతిని నలుగురు పట్టుకుని గొలుసుకి ఆనించారు. మా నాన్న ఏడుస్తున్నాడు, జనం జేజేలు కొడుతున్నారు. రేపు నాకూ అంతే, నా కొడుక్కీ అంతే."

సుంకులుకి ఆ ఏడు గుర్తొచ్చింది. జేజేలు కొట్టినవాళ్ళలో తనూ ఉంది. సిగ్గేసింది. "అయితే ఆ మాటే వచ్చి వాళ్ళకి చెప్పండి. నేను చెప్తే వినరు" అంది.

కరాళుడి దిండు కింద తాళాలు తీసి రాకుమారుడి గొలుసు విప్పింది. తర్వాత పంజరం తలుపు తీసింది. చిలక బయటికొచ్చి, రెక్క విప్పి, రివ్వున ఎగిరిపోయింది. కరాళుడు గుండెలు బాదుకుంటూ లేచాడు. ఎదురుగా ఇద్దరూ పారిపోతున్నా చూడనైనా చూడలేదు. గద్ద తన్నుకుపోతుందేమో, వానలో తడుస్తుందేమో అని గొడుగు పట్టుకుని చిలక వెనకాల పరిగెత్తాడు. ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాడట, పరిగెత్తనీండి.

తాబేలు మళ్ళీ ఆరు రోజులు ఈదింది. పధ్నాలుగో రోజు పొద్దున పాలేటి సీమ చేరేసరికి నారు కొసలు పసుపెక్కాయి. జనం మేళతాళాలతో ఎదురొచ్చారు. పురోహితుడు వేళ్ళు లెక్కపెట్టి, "పట్టాభిషేకానికి ఎనిమిదో నాడు దివ్యమైన ముహూర్తం. ఆ తర్వాత తలుపు" అన్నాడు. ఏమనాలి చెప్పండి ఈ మనుషుల్ని?

జయకేతుడు గట్టెక్కి నిలబడ్డాడు. "నాకు కిరీటం వద్దు. మాంత్రికుడు ప్రాణం తీసుకెళ్ళి చిలకలో పెట్టాడంటే తెలివితక్కువవాడని నవ్వుతారే, మీరు చేసిందేమిటి? దేశం ప్రాణమంతా ఒక్క ఇంట్లో పుట్టినవాడి చేతిలో పెట్టారు. వాడు జబ్బు పడినా, వెధవైనా, వాణ్ణి ఎవడెత్తుకుపోయినా దేశం పోవాల్సిందేనా?"

గుంపులోంచి నాగప్ప అనే ముసలి రైతు లేచాడు. "బాబూ, మాకు రాజంటే పిచ్చి కాదు. రాజున్నాడంటే భయం ఉంటుంది. లేకపోతే ఎగువవాళ్ళు నీళ్ళన్నీ లాగేసుకుంటే దిగువవాళ్ళం ఎవరితో చెప్పుకోవాలి?"

ఆ మాటా అబద్ధం కాదు, జనం తలలూపారు. సుంకులు ముందుకొచ్చింది.

"తాతా, ఇన్నాళ్ళూ ఆ తగువులు తీర్చింది మా నాన్న. ఆయన తప్పు చేస్తే గొలుసు లాక్కుని ఇంకొకరికిస్తావు. రాజు తప్పు చేస్తే ఏం చేస్తావు? ఎప్పుడు పోతాడా, వాడి కొడుకు మంచివాడవుతాడా అని ఎదురుచూస్తావు."

"నువ్వు భలే చెప్తున్నావే! మీ నాన్న మాత్రం ఎలా అయ్యాడు నీరుగంటి? వాళ్ళ నాన్న తర్వాతే కదా?" అన్నాడు నాగప్ప.

సుంకులు తండ్రి వైపు చూసింది. ఆ పని పోతే వాళ్ళకి సెంటు భూమి లేదు. ఓబన్న గొలుసు దగ్గర్నుంచి పక్కకి జరిగాడు.

"అదీ నిజమే. ఈ ఏడు నుంచి నీరుగంటిని మీరే ఎన్నుకోండి. నేను పనికొస్తే నన్నే పెట్టుకోండి, లేదంటే కూలికిపోతాను" అన్నాడు.

జనం సరేనన్నారు. జయకేతుడు గొలుసు పట్టుకుని లాగాడు. మెత్తటి చేతులు, తలుపు కదిల్తేనా? సుంకులు పట్టింది, ఓబన్న పట్టాడు. నాగప్ప గొణుక్కుంటూ వచ్చి తనూ పట్టాడు. సేనాపతి కత్తి దూశాడు గానీ, అతని పొలం కూడా ఆ కాలవ కిందే ఉంది. కత్తి పక్కన పెట్టి అతనూ చెయ్యేశాడు. తలుపు లేచింది. నీళ్ళు పరవళ్ళు తొక్కాయి. ఏ పిడుగూ పడలేదు. మర్నాటికి నాట్లు మొదలయ్యాయి.

తర్వాత సుంకులుకీ జయకేతుడికీ పెళ్ళయింది. అతను నాటు వెయ్యడం నేర్చుకున్నాడు, కాస్త వంకరగానే అనుకోండి. ఏడాది తిరిగేసరికి కొడుకు పుట్టాడు. బిడ్డని ఉయ్యాల్లో వేసిన రోజున మంత్రీ, పురోహితుడూ, వాళ్ళ వెనక సగం ఊరూ పళ్ళేలు పట్టుకుని వచ్చారు. ఒక పళ్ళెంలో గుడ్డ కప్పిన కిరీటం ఉంది.

"ఏం లేదమ్మా, ఊరికే, పేరుకి" అన్నాడు మంత్రి. "అధికారమేమీ వద్దు. ఒక్కసారి నెత్తిన పెట్టి, కళ్ళారా చూసుకుని వెళ్ళిపోతాం."

సుంకులు బిడ్డ తల కింద అరచెయ్యి ఆనించి పైకి ఎత్తి చూపించింది.

"వీడికింకా మెడే నిలబడలేదయ్యా. కిరీటం ఎక్కడ పెడతావు?" అంది.

వాళ్ళు అక్కడా, మనం ఇక్కడా. ఇంక లేవండి, ఎవరి కంచం వాళ్ళు కడుక్కోండి.