మాత బొమ్మ కింది పంక్తి

సిస్టర్ శౌరిమేరికి ఒకే ఒక్క పంక్తి కంటగింపుగా ఉండేది.

అది చాక్లెట్ పెట్టె వెనుక, తయారైన తేదీ కింద, చట్టం విధించిన కొలతలో అచ్చయి ఉండేది: "వేరుశెనగ వాడే చోట తయారైనది. దాని జాడలు ఉండవచ్చు."

కొబ్బరిచెట్ల నీడలో కోకో పండే ఒక పల్లెలో ఆ కన్యాస్త్రీల మఠం ఉంది. వారంలో నాలుగు రోజులు అక్కడ బెల్లం పాకంతో వేరుశెనగ అచ్చులు చేస్తారు. మరో రెండు రోజులు అదే గదిలో, అదే గ్రైండరుతో ట్రఫుల్స్ చేస్తారు. అవి నాలుకకు తగిలీ తగలగానే కరిగిపోయే మెత్తటి చాక్లెట్ ఉండలు. పైన చేదు కోకో పొడి అద్ది ఉంటుంది. మఠంలో చేరిన మూడేళ్ళలో శౌరిమేరికి మఠాధిపతి మదర్ జోజమ్మ నమ్మి అప్పగించిన మొదటి పని అదే.

నిరుటి తిరునాళ్ళలో జనం పెట్టె అందుకున్నారు, వెనక్కి తిప్పి చదివారు, కింద పెట్టేశారు. సగం పెట్టెలు తిరిగి వచ్చాయి. ఈ ఏడూ అలాగే జరిగితే ట్రఫుల్స్ మానివేయాలని మఠం పెద్దలు నిశ్చయించారు.

అందుకని తిరునాళ్ళ ముందురోజు శౌరిమేరి తపాలా బిళ్ళంత మరియమాత బొమ్మలు తెప్పించింది. రెండు వందల పెట్టెలకు రెండు వందల బొమ్మలు. ఒక్కొక్కదాన్నీ ముద్దాడి, జపం చెప్పుకుంటూ, సరిగ్గా ఆ పంక్తి మీదనే అతికించింది. మాత బొమ్మను గోటితో గీకి చూసేవారెవరుంటారు?

మర్నాడు ఉదయం, తిరునాళ్ళలో మఠం దుకాణం ఇంకా తెరవకముందే, మదర్ జోజమ్మ ఒక పెట్టె తీసి వెనక్కి తిప్పింది. చాలాసేపు చూసింది. గిన్నెడు నీళ్ళు తెప్పించుకుని, బల్ల మీద కూర్చుని, గుడ్డ కొస తడిపి ఆ బొమ్మను నానబెట్టసాగింది. అది ఊడి రాగానే మడత పడకుండా తన ప్రార్థన పుస్తకంలో దాచి, రెండో పెట్టె అందుకుంది.

"మాతను తీసేస్తున్నారా మదర్ గారూ?"

"నువ్వు ఆమెను కాపలాకు పిలిచావా, చాటుకు పిలిచావా?"

శౌరిమేరి తల దించుకుంది. "గ్రైండరు మూడుసార్లు వేడినీళ్ళతో కడిగాను. పలుకు కూడా మిగల్లేదు. మన చేతి శుభ్రాన్ని మనమే శంకించినట్టు ఆ రాత ఎందుకని..."

"నీ చేతిపని మీద నాకు శంక లేదమ్మాయ్. ఎంత గట్టిగా అతికించావో నా గోరే చెబుతోంది."

"తనిఖీ అధికారులు తిరునాళ్ళకు రారు కదా మదర్ గారూ."

"రారు," అంది మదర్ జోజమ్మ, తల ఎత్తకుండానే. "తినేవాళ్ళు వస్తారు."

శౌరిమేరి తానూ ఒక గుడ్డ తడుపుకుని పక్కన కూర్చుంది.

తొలి పూజ ముగిసేసరికి రెండు వందల బొమ్మలూ ఊడాయి. ఊడిన చోటల్లా పంక్తి చుట్టూ అట్ట పైపొర లేచి తెల్లబడింది. ఆ తెలుపు నడుమ నల్లటి పంక్తి మునుపటికన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

గుడి నుంచి వస్తున్న ఒకామె దుకాణం ముందు ఆగింది. వెంట ఏడెనిమిదేళ్ళ కూతురు.

"ఇదేంటి సిస్టర్, పెట్టెలు ఎలుకలు కొరికినట్టున్నాయి," అని నవ్వి, ఒకటి తీసి వెనక్కి తిప్పింది. ఆ పంక్తి వెంట వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. నవ్వు ఆగింది. "వేరుశెనగ వేశారా?"

"వెయ్యలేదండీ. గ్రైండరు కూడా బాగా..." అని శౌరిమేరి ఆగిపోయింది. పాప అప్పటికే రిబ్బను ముడి మీద చెయ్యి వేసింది. "అచ్చులకు పప్పు ఆడించేది కూడా అందులోనేనండీ."

తల్లి పాప చేతిని మెల్లగా తప్పించింది.

"దీనికి వేరుశెనగ పడదు సిస్టర్. పోయిన వేసవిలో ఒక పెళ్ళిలో మిఠాయి పెట్టారు. అందులో లేదనే చెప్పారు. ఆసుపత్రికి చేరేలోగా నా చేతుల్లోనే గొంతు వాచి, పెదవులు నీలమైపోయాయి." ఆమె పెట్టెను జాగ్రత్తగా కింద పెట్టింది. "అడిగితే అందరూ లేదనే అంటారు. మీరు అడక్కముందే రాశారు. మీ కడుపు చల్లగుండ."

కన్యాస్త్రీతో అనే మాట కాదది. అయినా ఆ క్షణాన ఆ తల్లికి వచ్చిన దీవెన అదే. ఆమె శౌరిమేరి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుని, పాపను తీసుకుని వెళ్ళిపోయింది. ఏమీ కొనలేదు.

శౌరిమేరి తన చేతులను అలాగే చాచి ఉంచింది. గోళ్ళ కింద జిగురు ఇంకా ఆరలేదు. తల్లీకూతుళ్ళు జనంలో కలిసిపోయేదాకా ఆమె చూపు తిప్పలేకపోయింది.

మదర్ జోజమ్మ లేచి ఆ తల్లి వదిలి వెళ్ళిన పెట్టెను రెండు చేతులా అందుకుంది. అంగడివాళ్ళు ఆనాటి తొలి రూపాయిని అద్దుకున్నట్టుగా, దాన్ని ఒక కంటికీ మరో కంటికీ అద్దుకుంది.

"బోణీ అయింది శౌరీ," అంది. "మంచి బోణీ."