మూడు కుండలు తగ్గిన ఇల్లు

మాటల్లో నన్ను గెలిచే మొనగాడు ఈ రాజ్యంలోనే లేడు. మా అమ్మ సంగతి వేరు, ఆవిడ రోజూ గెలిచేది.

మా ఊళ్లో రాజుగారి బావి నుంచి తెచ్చుకునే ప్రతి కుండకూ, ఇంట్లో వెలిగించే ప్రతి దీపానికీ పన్ను. ఈ ఏడు పన్నుల అధికారి భైరవయ్యగారు తాటాకు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏరా పుల్లన్నా, నిరుడు రోజుకు ఆరు కుండలు, రెండు దీపాలు. ఈ ఏడు మూడు కుండలు, ఒక్క దీపమా? ఎవరికి చెబుతావురా ఈ కథ? నిరుటి పన్నే కట్టు. లేదంటే మగ్గం విప్పించి బండెక్కిస్తా."

మగ్గం పోతే నాకు కూడు లేదు.

"కడతానండి," అన్నాను. "కానీ నిరుటి పన్ను కావాలంటే నిరుటి ఇల్లు కూడా ఉండాలి కదండీ. ఆ రెండో దీపం మా అమ్మ రాట్నం దగ్గర పెట్టుకునేది. ఉగాది వెళ్లిన మూడోనాడు ఆవిడ పోయింది. తమరు ఆవిణ్ణి తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టండి. ఆరేం ఖర్మ, పన్నెండు కుండల పన్ను కడతాను."

భైరవయ్యగారు రాట్నం వైపు చూశారు. కదురు మీద సగం చుట్టిన నూలు అలాగే ఉంది. ఆయన గంటంతో ఆరు కొట్టేసి, మూడు వేసి వెళ్లిపోయారు.

ఊరంతా నా తెలివిని మెచ్చుకుంది. నేనూ కాదనలేదు. మీకు మాత్రం నిజం చెప్పేస్తాను, నవ్వకండి. తగ్గిన మూడు కుండల్లో అమ్మవి రెండే. మూడోది నాది. "నీళ్లు కాగాయి, లేవరా" అని వెంటబడే మనిషి లేక, నేను వారానికోసారి కూడా స్నానం చెయ్యడం లేదు.