పులి నోట్లో గడ్డిపోచ

అనగనగా ఒక అడవిలో, ఏ కొండ వెనకో మీకూ నాకూ తెలియదు కానీ, బొచ్చన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. తాను గొప్ప చిత్రకారుణ్ణని అతని నమ్మకం. ఆ మాట మొదట అన్నదీ తనే, ఎక్కువసార్లు అన్నదీ తనే. మడుగు పక్కన బండ మీద ఎర్రమన్నుతో, బొగ్గుతో అడవిలో జరిగింది జరిగినట్టు గీసేవాడు. జంతువులు ఆ బొమ్మలు చూసి, ఎటు ప్రమాదమో తెలుసుకుని మేతకు వెళ్లేవి.

ఒకరోజు పులి వచ్చింది. "బొచ్చన్నా, నీ చేతిలో కళ ఉందయ్యా. నా బొమ్మలో ఆ కోరలు కాస్త తగ్గించు," అని ఒక తేనెపట్టు ముందు పెట్టింది. బొచ్చన్న ఒళ్లు పొంగిపోయింది. కోరలు చెరిపేశాడు.

మర్నాడు ఇంకో తేనెపట్టు వచ్చింది. గోళ్లు పోయాయి.

మూడోనాడు పులి, "నేను గడ్డి మేస్తున్నట్టు గీయి," అంది. బొచ్చన్నకు సిగ్గేసింది. తేనె వాసన ముక్కుకు తగిలేదాకా ఆ సిగ్గు ఉంది. "కళలో నిజం వెతకకూడదు," అని తనకు తానే ఉపన్యాసం ఇచ్చుకుని, ఆకుపసరుతో పులి నోట్లో గడ్డిపోచ పెట్టాడు. మూడడుగులు వెనక్కి వేసి, "అబ్బ, ఏం చెయ్యిరా నాది," అనుకున్నాడు.

తెల్లారి చుక్కమ్మ అనే జింక పరుగున వచ్చింది. "అన్నా, మా బుజ్జిది నీ బొమ్మ చూసి, పులితో కలిసి మేస్తానని అది ఉండే పొదల వైపు వెళ్లింది. నువ్వు గీశావంటే నిజమే కదా? భయం లేదు కదా?" అని అడిగింది.

బొచ్చన్న లెక్క వేసుకున్నాడు. అవునంటే పరువూ తేనే రెండూ ఉంటాయి. కాదంటే తాను ఉత్త తిండిపోతని అడవంతా తెలిసిపోతుంది.

"అబద్ధం చెల్లీ. తేనె కోసం గీశాను," అంటూనే పొదల్లోకి పరిగెత్తాడు. పులి పంజా ఎత్తే వేళకు అడ్డుపడ్డాడు. జింకపిల్ల తప్పించుకుంది. దెబ్బ బొచ్చన్న కుడిచేతికి తగిలింది.

ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. ఎడమచేత్తోనే బండ మీద కోరలూ గోళ్లూ తిరిగి గీశాడు. అన్నీ వంకరే. బొమ్మలో పులి కాస్తా జబ్బుపడ్డ పిల్లిలా తయారైంది.

"చెరిపెయ్యి. పది పట్లు ఇస్తాను," అంది పులి.

"చెరపడం బాగా వచ్చిన చెయ్యి అదే దొరా. దాన్ని మీరే పాడుచేశారు," అన్నాడు బొచ్చన్న.

ఆ సాయంత్రం జింకలు వచ్చాయి. వంకర బొమ్మ చూశాయి. పొదల వైపు పోకుండా వెనక్కి తిరిగాయి. ఒక్కరూ మెచ్చుకోలేదు. తేనె తిన్న మూడు రోజుల్లో నిండని కడుపు బొచ్చన్నకు అప్పుడు నిండింది.

నీతి: కళ అనేది మెచ్చి కానుకలిచ్చే దొర కోసం కాదు, దాన్ని నమ్మి బతికేవాళ్ల కోసం. వాళ్లకు నిజం చెప్పగలిగినప్పుడే గీసే చేతికి స్వేచ్ఛ.