పెంటాక్స్ ఓబులేసు

కర్నూలులో ఫొటోలు తీసేవాళ్లంతా ఓబులేసుని 'పెంటాక్స్' అనే పిలిచేవాళ్లు. వాళ్లలో ఆ కంపెనీ కెమెరా ఉన్నది అతనొక్కడి దగ్గరే. పెళ్లిళ్లలో మిగతావాళ్లు లెన్సులు ఒకరివొకరు మార్చుకుంటుంటే, అతను పక్కన నిలబడి చూసేవాడు. ఎవరి లెన్సూ అతని కెమెరాకు పట్టదు. అతని లెన్సు ఇంకెవరికీ అక్కర్లేదు.

ఒకరోజు పొద్దున్నే వచ్చి గురువు ముందు కూర్చున్నాడు.

"ఉస్తాద్, దీన్ని అమ్మేస్తాను. అందరూ వాడేదే నేనూ కొనుక్కుంటాను."

మస్తాన్‌వలీ ఉస్తాద్ ఒకప్పుడు స్టూడియో నడిపిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక తీయడం మానేసి, నేర్పుతున్నాడు.

"ఏం, ఫొటోలు సరిగా రావడం లేదా?"

"బాగానే వస్తాయి. నలుగురిలో బయటికి తీయాలంటేనే సిగ్గు."

"అమ్ముకో బేటా. ఇప్పుడు మాత్రం దాన్ని తీసుకుని నాతో రా."

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఉస్తాద్ అన్న కూతురు మాబున్నీ మంచం మీద ఉంది. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బిడ్డ కింది అంతస్తులో అద్దాల పెట్టెలో ఉన్నాడు. తల్లి లేవలేని స్థితి. ఇంతవరకూ బిడ్డను చూడలేదు.

"ఫోన్‌లో ఫొటో చూపించారు చాచా. అన్నీ గొట్టాలే. బిడ్డేడీ అందులో?" ఆమె గోడవైపు తిరిగింది. "పోయాడు. మీరంతా నాకు చెప్పడం లేదు."

ఉస్తాద్ ఆమె తల నిమిరాడు. తర్వాత ఓబులేసు వైపు చూశాడు.

డాక్టరమ్మ ఒప్పుకుంది, ఫ్లాష్ మాత్రం వేయొద్దంది. ఉస్తాద్ తలుపు బయటే ఆగిపోయాడు. ఓబులేసు చేతులు కడుక్కుని, వాళ్లిచ్చిన గౌను తొడుక్కుని లోపలికి వెళ్లాడు.

వెలుతురు చాలా తక్కువ. బిడ్డ మూరెడు కూడా లేడు. ముక్కులో గొట్టం, కాలికి తీగ. ఓబులేసు చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఏళ్ల అలవాటు, చూడకుండానే ఏ మీట ఎక్కడుందో వేళ్లకు తెలుసు. మోకాళ్ల మీద కూర్చుని, అద్దానికి దగ్గరగా జరిగి, అలా చూస్తూ ఉండిపోయాడు. గొట్టాలు మెల్లగా కంటికి ఆనడం మానేశాయి.

చాలాసేపటికి బిడ్డ పిడికిలి విప్పి, నోరంతా తెరిచి ఆవలించాడు. అప్పుడు నొక్కాడు.

పైకొచ్చి కెమెరానే ఆమె చేతుల్లో పెట్టాడు. మాబున్నీ ఆ చిన్న తెరను కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

"ఆవలిస్తున్నాడు," అంది.

"అవునక్కా. ఇందాకే."

"ఈ గడ్డం మా అమ్మది." ఏడుస్తూనే నవ్వింది. "దొంగ! అచ్చం మా అమ్మది."

చూసి చూసి, కెమెరాను గుండెల మీద పెట్టుకుంది. రెండు చేతులూ దాని చుట్టూ వేసి కళ్లు మూసుకుంది. కాన్పయినప్పటి నుంచి కన్నంటని మనిషి, అలాగే నిద్రపోయింది.

కాసేపు చూసి, ఓబులేసు మెల్లగా కెమెరా అందుకోబోయాడు. ఉస్తాద్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"లేపకు బేటా," అన్నాడు గొంతు తగ్గించి. "తల్లీబిడ్డా పడుకున్నారు."